పరాయి చేతి వంట

మలేసియాలోని పెనాంగ్‌లో పది రింగిట్ల లోపు దొరికే ప్లేటు కోసం ఎక్కడెక్కడివాళ్లో వచ్చి వరసలో నిలబడుతున్నారు. ఆ ప్లేటు వండే చేతులే కరవవుతున్నాయి.

ఉదయం పది గంటలు. పెనాంగ్ దీవి, జార్జ్‌టౌన్ నగరం, సెసిల్ స్ట్రీట్ మార్కెట్. ఒక పక్క చేపల బల్లలు, కోళ్లు, ఆకుకూరలు, తడిసిన నేల. మరో పక్క వరసగా తిండి స్టాళ్లు, పొగ, మూకుళ్ల మీద గరిటెల మోత. స్థానిక చైనీయులు ఈ వీధిని తమ హొక్కియెన్ మాండలికంలో 'ఏడో రోడ్డు' అంటారు. బజారుకొచ్చిన గృహిణులు బుట్టలు కాళ్ల దగ్గర పెట్టుకుని తింటున్నారు. మెడలో ఆఫీసు కార్డులు వేలాడుతున్న కుర్రాళ్లు నిలబడే కాఫీ తాగేస్తున్నారు. ఖాళీ కుర్చీ దొరకడం గగనంగా ఉంది. చివరకు ఇద్దరు పెద్దాయనలు కూర్చున్న బల్ల దగ్గర ఒక స్టూలు కనిపించింది. కూర్చోవచ్చా అని సైగ చేస్తే వాళ్లు జవాబు చెప్పలేదు. కాఫీ కప్పులు కాస్త పక్కకు జరిపారు. ఇక్కడ ఆహ్వానమంటే అంతే.

కొత్తవాళ్లకు మొదటి పది నిమిషాలూ అయోమయమే. మెనూ లేదు, వెయిటర్ లేడు. స్టాలు పైన ఒక వంటకం పేరు, మహా అయితే రెండు పేర్లు రాసి ఉంటాయి. మనమే వెళ్లి చెప్పాలి, మనం కూర్చున్న బల్ల వేలితో చూపించాలి. వండే ఆవిడ తలెత్తి చూడదు. విన్నదో లేదో తెలియదు. అయినా పావుగంటకు ప్లేటు సరిగ్గా మన ముందుకే వస్తుంది, వెంటే డబ్బు కోసం చేయీ చాపుతారు. వడ్డన, బిల్లు, వసూలు అన్నీ ఆ ఒక్క క్షణంలోనే. పెద్ద వయసు ఆడవాళ్లను 'ఆంటీ' అనీ, మగవాళ్లను 'అంకుల్' అనీ పిలవడం మర్యాద. భారతీయ ముస్లింల హోటల్‌కు వెళితే పిలుపు 'బాస్'గా మారిపోతుంది. హైదరాబాద్ ఇరానీ హోటల్‌లో ఆ పిలుపుకు అలవాటు పడినవాళ్లకు కొత్తేమీ ఉండదు.

కాఫీవాడు మాత్రం మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. కాఫీ అడగడానికి ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం ఉంది. 'కోపీ' అంటే తియ్యటి చిక్కటి పాలడబ్బా పాలు పోసిన కాఫీ. 'కోపీ ఓ' అంటే పాలు లేకుండా పంచదార మాత్రమే. దానికి 'కొసోంగ్' చేరిస్తే పంచదార కూడా ఉండదు. మలయ్ భాషలో కొసోంగ్ అంటే సున్నా. చివర్న 'పెంగ్' అంటే ఐసు ముక్కలు. మధుమేహం ఉన్నవాళ్లు ఈ దేశంలో నేర్చుకోవాల్సిన మొదటి మాట కొసోంగే. గింజల్ని పంచదార, మార్జరిన్ వేసి నల్లగా మాడేదాకా వేయించి, గుడ్డ సంచీలో వడపోసే ఈ కాఫీకి మన ఫిల్టర్ కాఫీతో పోలిక లేదు. రెండో కప్పుకి అలవాటవుతుంది.

మార్కెట్ల బయట, వీధుల్లో కనిపించే 'కోపిటియామ్'లు, అంటే కాఫీ దుకాణాలు, ఇదే పద్ధతికి మరో రూపం. దుకాణం ఒకరిది. వాళ్లు అమ్మేది కాఫీ, టీ, శీతల పానీయాలు. లోపల, గుమ్మం ముందు ఉండే స్టాళ్లు వేరేవాళ్లవి. వాళ్లు స్థలానికి అద్దె కడతారు. అందుకే ఏమీ తాగకుండా తిని లేచిపోయేవాళ్లంటే యజమానికి చిరాకు. తాగకపోతే కొన్నిచోట్ల బల్లకు కొద్దిగా రుసుము కూడా వేస్తారు.

ఇంతకీ ధర ఎంత? రింగిట్ అంటే ఇరవై రూపాయలకు అటూ ఇటూ. మామూలు స్టాల్లో ఒక ప్లేటు చాలావరకు పది రింగిట్ల లోపే. మలేసియా ఆదాయాల లెక్కన ఇది నిజంగా చవక. ఈ చవక ఎలా సాధ్యమో అర్థం చేసుకోవడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, ఒక స్టాలు ముందు అరగంట నిలబడితే చాలు. ఒకే వంటకం కాబట్టి సరుకు వృథా కాదు. మార్కెట్ పక్కనే కాబట్టి తెల్లవారుజామున కొన్నది మధ్యాహ్నానికి అయిపోతుంది, పెద్ద ఫ్రిజ్‌లతో పనిలేదు. ఏసీ లేదు, అలంకరణ లేదు. బల్లలు ఉమ్మడివి. పదేళ్లు, ఇరవై ఏళ్లు అదే పని చేసిన చేతికి వేగం, నిలకడ వాటంతటవే వస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ధరల పట్టికలో కనిపించదు. భర్త వండుతుంటే భార్య కోస్తుంది, అత్తగారు రొయ్యలు వలుస్తుంది, సాయంత్రం కొడుకు ప్లేట్లు అందిస్తాడు. వీళ్లెవరికీ జీతం లేదు. ప్లేటు ధరలో కుటుంబం కూలీ కలపకపోవడమే ఈ చవక వెనక ఉన్న రహస్యం.

'చార్ క్వే టియో' స్టాలు దగ్గర ఈ సంగతి కళ్లారా చూడవచ్చు. క్వే టియో అంటే బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి మెత్తటి నూడుల్స్. చార్ అంటే వేయించడం. మూకుడు ఎర్రగా కాలాక పంది కొవ్వు, వెల్లుల్లి, నూడుల్స్, సోయా, మిరప ముద్ద, రొయ్యలు, మొలకలు, గుడ్డు, చివర్న గుల్లమాంసం. ఆ గుల్లలు మరేవో కావు, కాకినాడ తీరంలో సున్నం కోసం ఏరే బుడిత గుల్లల జాతే. మొత్తం వ్యవహారం రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. అయితే పాతకాలపు వంటవాళ్లు ఒకసారికి ఒకే ప్లేటు వేయిస్తారు. నాలుగు ప్లేట్లు కలిపి వేస్తే మూకుడు వేడి పడిపోతుంది, నూడుల్స్ వేగకుండా ఉడుకుతాయి. చైనీయులు 'వాక్ హే', అంటే మూకుడు ఊపిరి, అని పిలిచే ఆ లేత మాడు వాసన రాదు. పదిహేను మంది వరసలో ఉన్నా ఆవిడ తొందరపడదు. బొగ్గుల పొయ్యి ముందు, ఎండలో, రోజుకు వంద సార్లకు పైగా అదే పని. ముంజేయి మీది కాలిన మచ్చలు చూస్తే పది రింగిట్లు ఎక్కువనిపించవు.

రెండో ప్లేటు, నిజానికి గిన్నె, మన దగ్గరి బంధువు. దాని పేరు 'అసామ్ లాక్సా'. మలయ్‌లో అసామ్ అంటే పులుపు, చింతపండునే 'అసామ్ జావా' అంటారు. కౌలాలంపూర్, సింగపూర్‌లలో లాక్సా అంటే కొబ్బరిపాల కూరలో నూడుల్స్. పెనాంగ్‌వాళ్లకు కొబ్బరి అక్కర్లేదు. చేపలు ఉడికించి, ముళ్లు తీసి, ఆ గుజ్జును చింతపండు పులుసులో, మిరప, నిమ్మగడ్డి, 'బుంగా కాంతన్' అనే అల్లంజాతి పూమొగ్గతో కలిపి మరిగిస్తారు. లావుపాటి తెల్లటి బియ్యపు నూడుల్స్ మీద ఆ పులుసు పోసి, పైన కీర, అనాస, ఉల్లి, పుదీనా చల్లుతారు. చివర్న ఒక చెంచాడు నల్లటి రొయ్యల పాకం, 'హే కో'. మొదటి చెంచాకే గోదావరి వైపు చేపల పులుసు తిన్న నాలుక గుర్తుపడుతుంది. రెండో చెంచాకు అనాస, పుదీనా అడ్డొచ్చి ఇది మనది కాదని చెబుతాయి.

కానీ బంధుత్వం నాలుక దగ్గరే ఆగదు. ఈ పులుసులో వేసే 'ఇకాన్ కెంబుంగ్' మన కోస్తా జాలరులు కానాగంత అనే చేప జాతిది. ఆ జాతిలో ఒకదాని శాస్త్రీయ నామం 'రాస్ట్రెల్లిగర్ కానగుర్త'. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండగా అక్కడి రేవులో దొరికిన రెండు వందల చేపల్ని జాలరులు పిలిచే తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ తెలుగు మాటనే తీసుకుని చేపకు నామకరణం చేశాడు. పెనాంగ్ లాక్సాను సీఎన్ఎన్ వారి పర్యాటక వెబ్‌సైట్ 2011లో ప్రపంచంలోని 50 రుచికరమైన వంటకాల జాబితాలో ఏడో స్థానంలో పెట్టింది. గిన్నెలో ఒక తెలుగు పేరు ఈదుతోందని వాళ్లకు తెలిసి ఉండదు.

సెసిల్ స్ట్రీట్ నుంచి ఊళ్లోకి వస్తే పెనాంగ్ రోడ్డు మీద మరో మార్కెట్. దాని పేరు చౌరస్తా. నారాయణగూడ చౌరస్తా, వరంగల్ చౌరస్తా అంటూ పెరిగినవాళ్లు ఆ బోర్డు ముందు ఒక్క క్షణం ఆగకుండా ఉండలేరు. అదే మాట, అదే అర్థం. 1890లో మొదలైన ఈ మార్కెట్ ఇప్పుడు జాజికాయ పచ్చళ్లకు, ఊరేసిన పళ్లకు ప్రసిద్ధి. ఈ చుట్టుపక్కల వీధుల్లో దొరికే 'నాసి కందర్' తమిళ ముస్లింలది. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. రెండు కుండల్లో అన్నం, కూర పెట్టుకుని కావడి భుజాన వేసుకుని రేవు కూలీలకు అమ్మేవాళ్లు కాబట్టి ఆ పేరు. కావడి పోయింది, పేరు మిగిలింది. కోడి కూర, చేప కూర, బెండకాయ, చేప గుడ్లు ఏం తీసుకున్నా సరే, చివర్న 'బంజిర్' అని ఒక మాట చెప్పాలి. బంజిర్ అంటే వరద. ఉన్న పులుసులన్నీ ఒకదాని మీద ఒకటి అన్నంపై పారిస్తారు. మన భోజన హోటళ్లలో ఒక్కో పదార్థానికీ గిన్నె వేరుగా పెట్టించుకునేవాళ్లకు ఇది కాస్త కష్టమే కానీ, రుచి ఆ కలగాపులగంలోనే ఉంది.

ఈ వంటకాలన్నీ ఎక్కడివి? ఒక్కటీ 'స్థానికం' కాదు, లేదా అన్నీ స్థానికమే. ఎటు నుంచి చూస్తే అటు. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని ఈస్టిండియా కంపెనీ పరం చేశాక ఇక్కడికి జనం పడవల్లో వచ్చి చేరారు. దక్షిణ చైనా నుంచి హొక్కియెన్లు, టియోచ్యూలు, కాంటనీయులు. తమిళ తీరం నుంచి వర్తకులు, రేవు కూలీలు. సుమత్రా నుంచి, అరేబియా నుంచి కూడా. తగరపు గనుల్లో, ఓడల దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లు. వాళ్లు ఉండే గదుల్లో పొయ్యికి చోటు లేదు. పని ముగిశాక రోడ్డు మీద ఎవరో ఒకరు చవగ్గా, వేడిగా పెట్టాలి. పెట్టిన వాడూ వాళ్లలాంటి వలస జీవే. వేరే పని దొరకకో, దొరికిన పని చాలకో మూకుడు పట్టుకున్నవాడు. నేడు ప్రపంచం వారసత్వమని పిలుస్తున్న ఈ తిండి, నిన్నటి బతుకుతెరువు.

మనవాళ్లూ వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లోకి. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో ప్రాంతంలో వాళ్ల సంతతి ఇప్పటికీ ఉంది. అయితే తోట కూలీలు కుటుంబాలతో లైన్ల ఇళ్లలో ఉండి సొంతంగా వండుకున్నారు. పట్నం రేవుల్లో అంగడి పెట్టింది తమిళులు. పెనాంగ్ తిండి బల్ల మీద తెలుగు పేరున్న వంటకం కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఈ మార్కెట్ల గురించి రాసేవాళ్లంతా మలయ్, చైనీయ, భారతీయులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారని మురిసిపోతారు. సగం నిజం. చైనీయుల స్టాళ్లలో పంది మాంసం, పంది కొవ్వు ఉంటాయి కాబట్టి ముస్లింలైన మలయ్‌లు అక్కడ తినరు. గొడ్డు మాంసం హిందువులే కాదు, కరుణామూర్తి కువాన్ యిన్ దేవతను కొలిచే చైనీయులు కూడా చాలామంది ముట్టరు. నిజంగా అందరూ కలిసి కూర్చునే చోటు 'మామక్' హోటల్, అంటే తమిళ ముస్లింలు నడిపే ఇరవై నాలుగు గంటల టిఫిన్ సెంటర్. పొరలు పొరలుగా కాల్చిన 'రోటీ చనాయ్', పప్పు కూర, రెండు గ్లాసుల మధ్య గజం ఎత్తు నుంచి తిరగబోసిన 'తే తారిక్' చాయ్. 1969 మే 13 అల్లర్ల గాయం, ఆ తర్వాత 1971 నుంచి మలయ్‌లకు ప్రత్యేక ప్రాధాన్యమిచ్చిన ఆర్థిక విధానం ఈ దేశపు రాజకీయాలను జాతుల వారీగా గట్టిగానే విడదీశాయి. బల్లలు ఆ గీతల్ని చెరపలేదు. కాకపోతే బల్ల దగ్గర ఎవరూ వాటి గురించి మాట్లాడరు. అదీ తక్కువేం కాదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. 'కూరగాయలే' అని చెప్పిన ప్లేటులో కూడా పంది కొవ్వో, 'బెలచాన్' అనే రొయ్యల ముద్దో ఉండే అవకాశం ఎక్కువ. హొక్కియెన్‌లో శాకాహారానికి 'చై' అన్న మాట ఉంది, అది పట్టుకుంటే చాలా గండాలు గడుస్తాయి. చైనీయ పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు నవ చక్రవర్తి దేవతల పండగ. ఆ రోజుల్లో పెనాంగ్ చైనీయులు ఎంతోమంది తెల్లబట్టలు కట్టి మాంసం మానేస్తారు. పసుపు జెండాలు కట్టిన బండ్ల మీద అవే నూడుల్స్, అదే లాక్సా శాకాహారంగా వండుతారు. మన శరన్నవరాత్రులు కూడా సాధారణంగా ఆ దరిదాపుల్లోనే వస్తాయి. వెజిటేరియన్ తెలుగువాడు పెనాంగ్ వెళ్లాలనుకుంటే అదే అదను. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు మలేసియా వీసా లేకుండా నెల రోజులు ఉండే వీలు కల్పించింది. 2024 డిసెంబరులో చెన్నై నుంచి పెనాంగ్‌కు నేరుగా విమానమూ మొదలైంది.

ఇక అసలు కథ. 2014లో పెనాంగ్ రాష్ట్ర ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. స్థానిక హాకర్ వంటకాలను ఇకపై విదేశీయులు వండకూడదు. 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధన జాబితాలో చార్ క్వే టియో, అసామ్ లాక్సా, హొక్కియెన్ మీ, నాసి లెమాక్ వంటివి ఉన్నాయి. విదేశీ కార్మికులు కూరగాయలు తరగవచ్చు, గిన్నెలు కడగవచ్చు, ప్లేట్లు అందించవచ్చు. గరిటె మాత్రం పట్టకూడదు. అప్పటి ముఖ్యమంత్రి లిమ్ గువాన్ ఎంగ్ చెప్పిన కారణం పెనాంగ్ వంట వారసత్వం, అసలైన రుచి కాపాడటం. స్టాళ్ల యజమానులు మయన్మార్, ఇండోనేసియా, బంగ్లాదేశ్ కుర్రాళ్లకు మూకుడు అప్పగించి గల్లా దగ్గర కూర్చుంటున్నారన్న ఫిర్యాదు అప్పటికే బలంగా ఉంది. స్థానికులలో ఎక్కువమంది ఆ నిర్ణయాన్ని సమర్థించారు కూడా.

వాళ్ల బాధ తీసిపారేయదగ్గది కాదు. చిన్నప్పటి నుంచి తిన్న రుచి ఒక రోజు హఠాత్తుగా మారిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. మూకుడు ఊపిరి పుస్తకం చదివి వచ్చేది కాదు, ఏళ్లు పడుతుంది. రెండేళ్ల పర్మిట్ మీద వచ్చి వెళ్లిపోయేవాడికి అంత కాలం ఉండదు. ఈ వాదనలో పస ఉంది.

కానీ ఆ జాబితానే మరోసారి చదవాలి. హొక్కియెన్ మీ అనే పేరులోనే చైనాలోని ఫుజియాన్ ఉంది. చార్ క్వే టియో అన్న మాటే చైనా మాండలికం. చౌరస్తా పక్కన నాసి కందర్ పెట్టిన మొదటి మనిషి ఏ పర్మిట్ మీద వచ్చాడు? ఒకప్పుడు పరాయివాళ్లు తెచ్చి, పరాయివాళ్లు వండి, పరాయి కూలీలకు పెట్టిన తిండిని కాపాడటానికి ఇవాళ్టి పరాయివాడి చేతిలోంచి గరిటె లాక్కోవాల్సి వచ్చింది. తేడా ఒకటే. అప్పుడు వచ్చినవాళ్లు ఉండిపోయారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇక్కడి మిరపను, రొయ్య ముద్దను తమ మూకుట్లో కలిపారు. అందుకే పెనాంగ్ హొక్కియెన్ మీ ఎర్రటి రొయ్యల పులుసు. అదే పేరుతో కౌలాలంపూర్‌లో అడిగితే నల్లటి సోయాలో వేయించిన లావు నూడుల్స్ వస్తాయి. రెండూ అసలైనవే. ఇప్పుడు వస్తున్న మయన్మార్ కుర్రాడికి ఉండిపోయే దారి లేదు. వాడి మనవడి చేతిలో లాక్సా ఎలా మారేదో ఎప్పటికీ తెలియదు.

దేశమంతటా ఇలాగే చేయాలని కేంద్రం కూడా ఒకసారి అనుకుంది. 2018లో అప్పటి మానవ వనరుల మంత్రి ఎం. కులశేఖరన్, 2019 జనవరి నుంచి రెస్టారెంట్లన్నీ స్థానిక వంటవాళ్లనే పెట్టుకోవాలని ప్రకటించారు. అసలే మామక్ హోటళ్లు, భారతీయ రెస్టారెంట్లు వంటవాళ్ల కోసం భారత్ వైపు చూస్తుంటాయి. గగ్గోలు పుట్టింది. మంత్రి అది సూచన మాత్రమేనని వెనక్కి తగ్గారు. వలస వచ్చిన తమిళ కుటుంబాల వారసుడైన మంత్రి నోట ఆ ప్రకటన రావడం, మలేసియాలో తప్ప మరోచోట ఊహించడం కష్టం.

నిజానికి విదేశీ వంటవాళ్లు వ్యాధి కాదు, లక్షణం. స్టాలు యజమాని కొడుకు ఇంజనీరయ్యాడు, కూతురు సింగపూర్‌లో అకౌంటెంట్. తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే. తెల్లవారుజామున లేచి, మూకుడు ముందు నిలబడి కాలిన చేతులతో వాళ్లు ఫీజులు కట్టింది పిల్లలు ఆ మూకుడు పట్టకూడదనే. మన చేనేత ఇళ్లలో, స్వర్ణకారుల ఇళ్లలో ఇదే మాట ఎన్నిసార్లు వినలేదు? జీతం లేని కుటుంబం మీద నిలబడిన చవకతనం, ఆ కుటుంబం బాగుపడగానే కూలడం మొదలవుతుంది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు మయన్మార్ కుర్రాడు. వాణ్ని తీసేసినంత మాత్రాన ఇంజనీరు కొడుకు తిరిగి రాడు.

అద్దెల సంగతి వేరే. జార్జ్‌టౌన్‌లోని పాత దుకాణ గృహాలకు దశాబ్దాల పాటు అద్దె నియంత్రణ చట్టం రక్షణ ఉండేది. అది 2000 జనవరి 1తో ముగిసింది. పాత అద్దెదారులు చాలామంది ఖాళీ చేసి వెళ్లిపోయారు. 2008 జులైలో మలక్కాతో పాటు జార్జ్‌టౌన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. భవనాలు బతికాయి, రంగులు వేసుకున్నాయి, బొటిక్ హోటళ్లయ్యాయి. కింద కాఫీ గింజలు మాడ్చిన చోట ఇప్పుడు కాపుచీనో. దాని ధరకు మార్కెట్‌లో రెండు ప్లేట్లు వస్తాయి. 2022 డిసెంబరులో మిషెలిన్ గైడ్ కౌలాలంపూర్, పెనాంగ్‌లకు వచ్చింది. చవక ధరలో మంచి తిండికిచ్చే దాని గుర్తింపు కొన్ని హాకర్ స్టాళ్లకూ దక్కింది. గుర్తింపు వచ్చిన స్టాలు ముందు వరస పెరుగుతుంది, రోజూ తినే ముసలాయన మరో స్టాలు వెతుక్కుంటాడు.

పక్కనే ఉన్న సింగపూర్ ఇదే సమస్యను మరోలా చూసింది. 1970లు, 80లలో వీధి బండ్లన్నిటినీ తీసుకెళ్లి నీళ్లు, మురుగు కాలువలు, పైకప్పు ఉన్న హాకర్ సెంటర్లలో పెట్టింది. ఇప్పుడు అలాంటివి 110కి పైగా ఉన్నాయి. అక్కడ బల్ల మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ పెడితే సీటు మనదే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు. 2016లో ఒక సోయా సాస్ చికెన్ రైస్ స్టాలుకు మిషెలిన్ స్టార్ రావడం ప్రపంచ వార్త అయింది. ఆ స్టార్ 2021లో పోయింది, దాని గురించి అంతగా ఎవరూ రాయలేదు. 2020 డిసెంబరులో సింగపూర్ హాకర్ సంస్కృతిని యునెస్కో తన జాబితాలో చేర్చినప్పుడు మలేసియన్లు గుర్రుమన్నారు. తమ తిండిని పక్కింటివాడు తన పేరున రిజిస్టర్ చేయించుకున్నట్టు అనిపించింది. 2024 డిసెంబరులో మలేసియా ఉదయపు అల్పాహార సంస్కృతి, అంటే నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్, యునెస్కో జాబితాలోకి ఎక్కాక కొంత శాంతించారు. ఇంత గౌరవం దక్కినా సింగపూర్ హాకర్ల మధ్యస్థ వయసు అరవైకి చేరువలో ఉంది. అక్కడా స్టాళ్లలో పౌరులు, శాశ్వత నివాసులే పనిచేయాలన్న నియమం ఉండేది. మనుషులు దొరక్క 2025 జనవరి నుంచి దాన్ని సడలించి, దీర్ఘకాలిక అనుమతి మీద ఉంటున్న కొందరు విదేశీయుల్ని సహాయకులుగా పెట్టుకోనిచ్చారు. పెనాంగ్ తలుపు మూసిన చోట సింగపూర్ కిటికీ తెరిచింది.

ఇదంతా మాట్లాడుకోవడానికి మార్కెట్ బల్ల అనువైన చోటు కాదు. ఇక్కడ సంభాషణ తిండి గురించే. హొక్కియెన్లు ఎదురుపడితే అడిగేది 'తిన్నావా' అనే. మలయ్‌లూ అంతే. 'భోంచేశారా' అని పలకరించే మనకు ఈ ప్రశ్నకు నిజమైన జవాబు అక్కర్లేదని వేరే చెప్పాలా?

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. చేపల బల్లలు కడిగేశారు. చార్ క్వే టియో స్టాలు దగ్గర ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఆవిడ నూడుల్స్ గంప వంచి చూపించి 'హబిస్' అంది. అయిపోయాయని. వరసలో రెండోవాడికి దొరికింది, మూడోవాడు ఏమీ అనకుండా లాక్సా వైపు నడిచాడు. ఆవిడ పొయ్యి ఆర్పి, స్టూలు మీద కూలబడి, పక్క స్టాలు నుంచి వచ్చిన గంజి తాగుతోంది. వెనక తొట్టి దగ్గర పాతికేళ్ల కుర్రాడొకడు మూకుడు తోముతున్నాడు. తోమడం అయ్యాక దాన్ని ఖాళీ పొయ్యి మీద పెట్టి, రెండు చేతులా పట్టుకుని, లోపల ఏదో ఉన్నట్టే ఒకసారి ఎగరేశాడు. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు.